పాలకన్నా ముందు వెచ్చదనం

మార్చి దాటి ఎండలు ముదిరేసరికి అపార్ట్‌మెంట్ల సెల్లారుల్లో, డాబా మీద నీళ్ల ట్యాంకు వెనక, మూల పడేసిన అట్టపెట్టెల్లో పిల్లికూనల అరుపులు మొదలవుతాయి. వానాకాలం వెళ్లేదాకా వినిపిస్తూనే ఉంటాయి. ఆ అరుపు విని ఊరుకోలేనివాళ్లు చేసే పని దాదాపు అన్నిచోట్లా ఒకటే. కూనల్ని ఇంట్లోకి తెచ్చి, గిన్నెలో ప్యాకెట్ పాలు పోసి ముందు పెడతారు. తాగకపోతే ఫిల్లరుతో నోట్లో పోస్తారు. మర్నాటికి విరేచనాలు పట్టుకుంటాయి. ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లో కూన వాలిపోతుంది. వాళ్ల దయలో లోపమేమీ లేదు. ఏది ముందు చెయ్యాలో, ఏది తర్వాత చెయ్యాలో వాళ్లకు ఎవరూ చెప్పలేదు, అంతే. దొరికిన రోజు నుంచి కొత్త ఇంటికి పంపే రోజు దాకా ఆ వరస ఏమిటో ఇక్కడ వివరంగా చెప్పుకుందాం.

మొట్టమొదట తేల్చుకోవాల్సింది తల్లి సంగతి. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని మన పెద్దలు ఊరికే అనలేదు. కుక్క వాసన తగిలినా, మనుషుల అలికిడి ఎక్కువైనా, ఉన్నచోట తడి చేరినా అది చోటు మార్చేస్తుంది. నోట కరుచుకుని ఒక్కోసారి ఒక్క కూననే తీసుకెళ్లగలదు కాబట్టి మిగిలినవి కాసేపు దిక్కులేనివాటిలా కనిపిస్తాయి. తిండికోసం వెళ్లిన తల్లి గంటల తరబడి రాకపోవచ్చు కూడా. ఆ వ్యవధిలో మనం ఎత్తుకొచ్చేస్తే, తల్లి ఉన్న పిల్లల్ని మనమే తల్లిలేనివాటిని చేసినట్టవుతుంది.

కూనల్ని చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. ఒళ్లు శుభ్రంగా ఉండి, పొట్టలు గుండ్రంగా ఉండి, ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్నాయంటే తల్లి దగ్గర్లోనే ఉందన్నమాట. ఒళ్లంతా మురికిగా, చల్లగా ఉండి ఆపకుండా అరుస్తున్నా, చీమలు పడుతున్నా తల్లి రావడం లేదని అర్థం. అనుమానంగా ఉంటే దూరం నుంచి కనిపెట్టి చూడాలి. మనం పక్కనే నిలబడితే తల్లి దగ్గరికి రాదు. కూనలున్న చోటికి కాస్త ఎడంగా, చుట్టూ పల్చగా గోధుమపిండి చల్లి వస్తే, తల్లి వచ్చి వెళ్లిందో లేదో అడుగుల గుర్తులే చెబుతాయి. కుక్కలు తిరిగే చోటైనా, వాన ముంచుకొస్తున్నా వాటిని అక్కడికక్కడే, తల్లికి అరుపు వినిపించేంత దూరంలో భద్రమైన మూలకు మార్చాలి. మనిషి చెయ్యి తగిలితే తల్లి దగ్గరికి రానివ్వదని చాలామంది భయపడతారు. ఆ భయం అక్కర్లేదు. తల్లి వస్తే, దానికి రోజూ రెండు పూటలా తిండి, నీళ్లు పెట్టడమే మనం చెయ్యగల అతి పెద్ద సాయం. ఆ తల్లి ఇచ్చే పాలకు, దాని నాలుకకు, ఒంటి వేడికి సరితూగేది మన దగ్గర ఏదీ లేదు.

తల్లి చనిపోయిందనో, ఇక రాదనో తేలినప్పుడు కూనల్ని ఇంటికి తెస్తాం. పెంచుకునే ఇల్లు దొరికేదాకా ఇలా కొన్ని వారాలపాటు సాకడాన్ని ఇప్పుడు అందరూ ఫాస్టరింగ్ అనే అంటున్నారు. టీకాలు పడని పసికూనల్ని జబ్బు జంతువులు వచ్చిపోయే ఆశ్రయాల్లో ఉంచడం ప్రమాదం. ఎంత మంచి సంస్థ అయినా, రెండు గంటలకోసారి పాలు పట్టడానికి రాత్రంతా ఒక మనిషిని కేటాయించడం కష్టం. అందుకే మామూలు ఇళ్ల అవసరం పడుతుంది. ఖాళీ స్నానాలగది, ఒక అట్టపెట్టె, ఓపిక ఉన్న మనిషి ఉంటే ఆ ఇల్లు కూనకు ఆశ్రయంకన్నా మేలు. సంస్థ తరఫున తెచ్చుకుంటే డాక్టరు ఖర్చు ఎవరిది, పాలపొడి ఎవరు కొంటారు, ఎన్ని వారాలు ఉంచుకోవాలి, మధ్యలో ఊరెళ్లాల్సి వస్తే ఎవరికి అప్పగించాలి అన్నవి మొదటిరోజే మాట్లాడుకోవాలి. మొహమాటపడితే ఆ తర్వాత ఇబ్బంది కూనకే.

తెచ్చాక వయసు అంచనా కట్టాలి. బొడ్డుతాడు ఇంకా వేలాడుతుంటే అయిదు రోజుల లోపు పసిగుడ్డు. కళ్లు సాధారణంగా 7 నుంచి 14 రోజుల మధ్య విచ్చుకుంటాయి. తలకు అతుక్కుపోయినట్టుండే చెవులు రెండో వారం దాటాక లేస్తాయి. మూడో వారంలో ముందు పళ్లు చిగుళ్లలోంచి పొడుచుకొస్తాయి, తూలుతూ నడక మొదలవుతుంది. కళ్లు అన్నిటికీ మొదట నీలంగానే ఉంటాయి. అసలు రంగు ఆరేడు వారాలకు బయటపడుతుంది. ఈ వయసు ఎందుకు తెలియాలంటే, ఎంత వేడి కావాలి, ఏం పెట్టాలి, ఎన్ని గంటలకోసారి పెట్టాలి అన్నదంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మొదటి మూడు వారాల్లో కూన తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు. తల్లి పొట్ట, తోడబుట్టినవాటి ఒళ్లు, ఇవే దానికి వేడి. అవి లేకపోతే గంటల్లోనే చల్లబడిపోతుంది. మీ చిటికెన వేలి కొన శుభ్రంగా కడుక్కుని దాని నోట్లో పెట్టి చూడండి. లోపల చల్లగా తగిలితే ఆ కూనకు ప్రాణం మీదికి వచ్చిందని గ్రహించాలి. ఆ స్థితిలో దానికి పాలు పట్టకూడదు. ఒళ్లు చల్లబడితే పేగులు కదలవు, పోసిన పాలు పొట్టలోనే నిలిచి పులిసిపోతాయి. మింగే శక్తి కూడా ఉండదు కాబట్టి పాలు ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా వస్తుంది. ఆకలితో ఉంది కదా పాపమని ముందు పాలు పోయడమే దాని ప్రాణం తీస్తుంది.

కాబట్టి ముందు వెచ్చబరచాలి. అదీ నెమ్మదిగా, గంట రెండు గంటల సమయం తీసుకుని. తువ్వాల్లో చుట్టి మన ఛాతీకి ఆనించుకోవడం మంచి పద్ధతి. వేడినీళ్ల బ్యాగు ఉంటే దాన్ని మందపాటి గుడ్డలో చుట్టి పెట్టెలో సగం మేరకే పరచాలి. మిగతా సగం ఖాళీగా వదలాలి. వేడి ఎక్కువైతే కూన పాక్కుంటూ అవతలికి పోయే దారి ఉండాలి కదా. బ్యాగు లేనివాళ్లు శుభ్రమైన సాక్సులో బియ్యం పోసి ముడి వేసి, పెనం మీద సన్నసెగన వేడి చేసి, మణికట్టు లోపలివైపు ఆనించి చూసుకుని పెట్టొచ్చు. మొదటి వారంలో పెట్టె లోపల 30 డిగ్రీల దాకా వెచ్చదనం ఉండాలి. ఆ తర్వాత వారం వారం కొద్దికొద్దిగా తగ్గించుకోవచ్చు.

మన ప్రాంతంలో దీనికి రెండో ముఖం కూడా ఉంది. విజయవాడలోనో రామగుండంలోనో మే నెలలో పై అంతస్తు గది కొలిమిలా ఉడుకుతున్నప్పుడు వేడినీళ్ల బ్యాగు పెడితే అదే చంపుతుంది. అప్పుడు కూనల్ని ఇంట్లో అన్నిటికన్నా చల్లటి గదికి మార్చాలి. ఫ్యాను గాలి, ఏసీ గాలి నేరుగా తగలనివ్వకూడదు. కూన నోరు తెరిచి రొప్పుతున్నా, ఒకదానికొకటి ఆనకుండా దూరదూరంగా బార్లా పడుకున్నా వాటికి ఉక్కపోస్తోందని అర్థం. అన్నీ ఒక్క కుప్పగా చేరి అరుస్తుంటే చలేస్తోందని అర్థం. థర్మామీటరుకన్నా ఇది నమ్మదగ్గ గుర్తు.

వెచ్చబడ్డాకే పాలు. ఏ పాలన్నది తర్వాతి ప్రశ్న. ఆవుపాలలో మాంసకృత్తులు దాదాపు 3.3 శాతం ఉంటాయి. పిల్లిపాలలో దానికి రెట్టింపుకన్నా ఎక్కువ. ఆవుపాలలో ఉండే చక్కెర, అంటే లాక్టోజ్, కూన కడుపుకు పడదు. గేదెపాలు చిక్కగా ఉంటాయి కాబట్టి సరిపోతాయని కొందరు అనుకుంటారు. ఆ చిక్కదనం వెన్నది, లాక్టోజ్ అందులోనూ అంతే ఉంటుంది. మేకపాలు ఇంకేమీ దొరకని పూటకు మాత్రమే. పసిపిల్లల డబ్బాపాలు కూడా పనికిరావు. పిల్లికూనల కోసమే తయారయ్యే పాలపొడి పెట్ షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఖరీదు ఎక్కువే. కానీ కూన నిలబడాలంటే అక్కడ వెనకాడకూడదు. చిన్న ఊళ్లలో ఉండి తెప్పించుకోవడానికి రోజు పట్టేటట్టయితే, ఆలోపు ఏం పట్టాలో వెటర్నరీ డాక్టరుకు ఫోన్ చేసి అడిగి ఆ ప్రకారమే చెయ్యండి.

పాలు పట్టే పద్ధతి ఒకసారి దగ్గరగా చూద్దాం. రాత్రి రెండు గంటలు. మంచం పక్కన పెట్టుకున్న ఫోను మోగింది. వంటింట్లో ఫ్లాస్కులోని వేడినీళ్లు తీసి, డబ్బా మీద రాసిన కొలత ప్రకారం పొడి కలిపి, ఉండలు లేకుండా చిలికి, ఒక చుక్క మణికట్టు మీద వేసుకుంటాం. వేడీ చల్లదనం రెండూ తెలియకపోతే సరైన వేడి. ఒళ్లో తువ్వాలు పరిచి కూనను బోర్లా పడుకోబెడతాం. మన పసిపిల్లల్ని పట్టుకున్నట్టు వెల్లకిలా పట్టుకోవడం ఎప్పుడూ కూడదు. తల్లి పొట్ట దగ్గర కూన బోర్లా ఉండే తాగుతుంది, తల కొద్దిగా ఎత్తి ఉంటుంది, అంతే. పాలపీక నోటికి తగిలించగానే ఆకలిగా ఉన్న కూన ముందుకాళ్లతో తువ్వాలును పిసకడం మొదలుపెడుతుంది, తాగేటప్పుడు చెవులు సన్నగా ఆడతాయి. సీసాను తలకిందులు చేస్తే పాలు ధారగా కారకూడదు, ఒక్కొక్క చుక్కే రాలాలి. సూది తీసేసిన ఒక మిల్లీలీటరు సిరంజితో పట్టేవాళ్లు కూనను చప్పరించనివ్వాలి, తాము నొక్కి లోపలికి పంపకూడదు. ముక్కులోంచి పాలు వస్తే ఆపేసి, తల కిందికి వంచి తుడవాలి. ఆ తర్వాత ఎగశ్వాస కనిపిస్తే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఒక్కోసారి పట్టాల్సిన మోతాదు 100 గ్రాముల బరువుకు సుమారు 4 మిల్లీలీటర్లు. ఆ పొట్టలో పట్టేదే అంత. మొదటి వారం 2–3 గంటలకోసారి, రెండో వారం 3–4 గంటలకోసారి, మూడు నాలుగు వారాలకు 5–6 గంటలకోసారి. ఎక్కువ పట్టేస్తే రాత్రి కాస్త నిద్రపోవచ్చన్న ఆశ వద్దు. విరేచనాలకు మొదటి కారణం అదే.

తాగడంతో పని పూర్తవదు. మూడు వారాల లోపు కూనకు తనంతట తాను మూత్ర విసర్జన, మల విసర్జన చేయడం రాదు. తల్లి నాలుకతో నాకితేనే అవుతుంది. ఆ పని మనం గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండిన దూదితో చెయ్యాలి. తోక కింద మెల్లగా ఒక నిమిషంపాటు తుడుస్తూ ఉంటే మూత్రం వస్తుంది. అది దాదాపు రంగు లేకుండా ఉండాలి. ముదురు పసుపుగా ఉంటే ఒంట్లో నీరు తగ్గిందన్నమాట. ప్రతిసారీ, పాలకు ముందో తర్వాతో, ఇది తప్పనిసరి. చాలామందికి చెప్పేవాళ్లు లేక తప్పిపోయేది ఈ ఒక్క పనే.

ఇంట్లో ఒక గ్రాము దాకా చూపించే డిజిటల్ కాటా ఉండి తీరాలని నేను అందరికీ గట్టిగా చెబుతాను. పుట్టినప్పుడు కూన 100 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. రోజుకు 10 నుంచి 15 గ్రాములు పెరగాలి. రెండు వారాలకు 200 దాటాలి, నాలుగు వారాలకు 400 దాటాలి, ఎనిమిది వారాలకు కిలోకు దగ్గర పడాలి. రోజూ ఒకే వేళకు, పాలు పట్టకముందు తూచి నోటు పుస్తకంలో రాయాలి. కంటికి హుషారుగా కనిపించే కూన కూడా లోపల జబ్బు పడి ఉండొచ్చు. కాటా మాత్రం ఒకరోజు ముందే చెబుతుంది. ఒకరోజు పెరగకపోతే జాగ్రత్త పడాలి. బరువు తగ్గితే అదేరోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి, రేపటిదాకా ఆగకూడదు.

అయినా కొన్ని కూనలు దక్కవు. పొద్దున ఆడుకున్న కూన సాయంత్రానికి మెత్తబడి, చల్లబడి, తల వేలాడేస్తుంది. అప్పుడు కూడా ముందు వేడి, ఆ తర్వాత చిగుళ్లకు ఒక చుక్క చక్కెరనీళ్లు రాయడం, వెంటనే ఆసుపత్రి. పుట్టుకతో వచ్చిన లోపాలు ఉంటాయి. మన దగ్గరికి రాకముందే తగిలిన జబ్బులు ఉంటాయి. మొదటి రోజు తల్లి ముర్రుపాలు అందనివాటికి రోగాన్ని తట్టుకునే బలం తక్కువ. ఇలాంటివి డాక్టర్ల చేతుల్లో కూడా పోతాయి. మనం సరిగా చూసుకోలేదని కుమిలిపోతున్నవాళ్లకు ఈ మాట చెప్పాలి. వాళ్లు మళ్లీ ధైర్యం చేస్తేనే మరో నాలుగు కూనలు బతుకుతాయి.

జబ్బుల్లో అన్నిటికన్నా భయపడాల్సింది పాన్‌ల్యూకోపీనియా. కుక్కలకు వచ్చే పార్వోకు దగ్గరి చుట్టం. వాంతులు, విరేచనాలు, తిండి మానెయ్యడం, ఒక్కోసారి ఏ గుర్తూ లేకుండానే మరణం. ఈ వైరస్ నేల మీద, గుడ్డల మీద ఏడాది దాకా బతికి ఉండగలదు. డెట్టాల్‌కు, ఫినాయిల్‌కు చావదు. ఒక పాలు బ్లీచ్‌కు 32 పాళ్ల నీళ్లు, అంటే లీటరుకు సుమారు 30 మిల్లీలీటర్లు కలిపి, 10 నిమిషాలు నాననిచ్చి, కడిగి ఆరబెట్టాకే ఆ గదిలోకి కూనల్ని వదలాలి. బ్లీచ్‌లో ఇంకే ద్రావకమూ కలపకూడదు. కొత్తగా వచ్చిన కూనల్ని ఇంట్లో పిల్లులతో కనీసం రెండు వారాలు కలవనివ్వకూడదు. వాటి గదిలోకి వెళ్లేటప్పుడు వేరే చెప్పులు, వచ్చాక సబ్బుతో చేతులు.

టీకా 6–8 వారాల మధ్య మొదలవుతుంది. 3–4 వారాలకోసారి చొప్పున నాలుగు నెలలు నిండేదాకా మళ్లీ మళ్లీ వేయించాలి. ఇన్నిసార్లు ఎందుకంటే, తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ కూన ఒంట్లో ఉన్నంతకాలం టీకా పట్టదు. అది ఏ వారంలో తగ్గిపోతుందో ఒక్కో కూనలో ఒక్కోలా ఉంటుంది. రేబిస్ టీకా మూడు నెలలకు. నులిపురుగుల మందు అంతకన్నా చాలా ముందే, రెండు మూడు వారాల వయసు నుంచే డాక్టరు బరువు చూసి మొదలుపెడతారు.

మన ఇళ్లలో పిల్లికి విషమయ్యేవి ఎన్నో ఉన్నాయి. మొదటిది ఫినాయిల్. దాంతో తుడిచిన నేల మీద నడిచి కూన పాదాలు నాకుతుంది. ఆ ఫినాల్‌ను విరిచేసే శక్తి పిల్లి కాలేయానికి లేదు. అదే కారణంతో పారాసిటమాల్ కూడా. జ్వరంగా ఉందని మనం వేసుకునే 500 మిల్లీగ్రాముల బిళ్ల ఒక్కటి చాలు, పెద్ద పిల్లినే చంపెయ్యగలదు. కుక్కల ఒంటి పురుగులకు మెడ మీద వేసే చుక్కల మందులో పెర్మెత్రిన్ ఉంటే అది పిల్లికి తగలకూడదు. పసికూనల ఒంట్లో గెంతే నల్ల పురుగులు రక్తం పీల్చి చిగుళ్లు పాలిపోయేలా చేస్తాయి కాబట్టి వాటిని వదిలించాల్సిందే. కానీ సన్న పళ్ల దువ్వెనతో, గోరువెచ్చటి నీళ్లతో, వెంటనే ఆరబెట్టి వెచ్చబరుస్తూ వదిలించాలి. పూలు కట్టే దారం, గాలిపటం మాంజా, కుట్టుపని దారం ఇవి కూడా ప్రమాదమే. పిల్లి నాలుక మీది గరుకు వల్ల దారం నోట్లోకి వెళితే వెనక్కి రాదు. మింగితే పేగుల్ని ముడిచేస్తుంది. నోట్లోంచో మలద్వారంలోంచో దారం కొస కనిపిస్తే లాగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వాషింగ్ మెషీన్ తలుపు వేసేముందు లోపల ఒకసారి చూడడం అలవాటు చేసుకోవాలి.

నాలుగో వారంలో ఇంట్లో వాతావరణం మారుతుంది. కూనలు పెట్టె గోడ ఎక్కి బయటికి దూకుతాయి. పాలసీసా పీకను కొరుకుతాయి. ఇక తిండి అలవాటు చెయ్యొచ్చు. కూనల కోసం చేసిన తిండినే పాలలో మెత్తగా నానబెట్టి పల్లెంలో పెడితే మొదట అందులో కాళ్లు పెడతాయి, ఆ తర్వాత నాకుతాయి. లోతులేని ట్రేలో జల్లించిన ఇసుకో చించిన కాగితాలో వేసి, తిన్నాక వాటిని అందులో నిలబెడితే మట్టిని గీరే అలవాటు దానంతటదే వచ్చేస్తుంది. తడి తగిలితే గడ్డకట్టే రకం లిట్టర్ మాత్రం పసికూనలకు వద్దు, అవి దాన్ని తిని చూస్తాయి.

మనవాళ్లు పిల్లికి పెరుగన్నం, పాలన్నం పెడతారు. ప్రేమతోనే పెడతారు, పిల్లి తింటుంది కూడా. కానీ పిల్లి మాంసం మీద తప్ప బతకలేని జీవి. టారిన్ అనే పదార్థం మాంసంలోంచే దానికి అందాలి. అది లేక గుండె బలహీనపడి పిల్లులు చనిపోతున్నాయని 1987లో అమెరికాలో పాల్ పియన్ అనే పశువైద్యుడు తేల్చాకే పిల్లుల తిండిలో టారిన్‌ను పెంచారు. అది లోపిస్తే చూపు కూడా పోతుంది. ఒట్టి ఉడికించిన చికెన్ కూడా చాలదు, ఎముకలకు కావలసిన కాల్షియం అందులో ఉండదు. శాకాహారం తప్ప ఇంట్లోకి రానివ్వనివాళ్లు కూనల్ని తీసుకునేముందు ఈ విషయం ఇంట్లో తేల్చుకోవాలి. పొడిగా ఉండే డబ్బా తిండి పెట్టడానికి అభ్యంతరం లేకపోతే చాలు, వంటింట్లోకి మాంసం రానక్కర్లేదు.

కూనను కొత్త ఇంటికి సిద్ధం చేయడంలో తిండికన్నా, టీకాకన్నా తక్కువ కానిది ఇంకొకటుంది. అది మనుషుల అలవాటు. ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో ఐలీన్ కార్ష్ అనే పరిశోధకురాలు 1980ల్లో చేసిన ప్రయోగాలు దీన్ని స్పష్టం చేశాయి. పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం దాకా మనుషుల చేతుల్లో పెరిగిన కూనలు పెద్దయ్యాక మనుషుల దగ్గరికి ధైర్యంగా వస్తాయి. ఆ గడువు దాటాక మొదలుపెడితే ఎంతో శ్రమ పడాలి. రోజుకు పావుగంట ఎత్తుకున్నవాటికన్నా, 40 నిమిషాలు ఎత్తుకున్నవి ఎక్కువ మాలిమి అయ్యాయి.

అంటే ఆ అయిదు వారాలు మన చేతుల్లోనే గడుస్తాయి. రేపు దాన్ని పెంచుకునే ఇంట్లో తాతగారు ఉండొచ్చు, చిన్నపిల్లలు ఉండొచ్చు, ఎత్తుగా ఉండి గంభీరంగా మాట్లాడే మనిషి ఉండొచ్చు. కాబట్టి మనం ఒక్కరమే ఎత్తుకుని ముద్దు చేస్తే చాలదు. పక్కింటి పిన్నిగారిని, మెట్ల మీద ఆడుకునే పిల్లల్ని చేతులు కడిగించి పిలవాలి. కుక్కర్ విజిల్, మిక్సీ, కాలింగ్ బెల్ దాని చెవులకు దూరం నుంచి మెల్లమెల్లగా పడాలి. గోళ్ల కొసలు కత్తిరించడం, చెవుల్లో చూడడం, పాదాలు పట్టుకోవడం రోజూ చేస్తే రేపు డాక్టరు దగ్గర పేచీ పెట్టదు. తల్లి మెడ వెనక తోలు పట్టుకుంటే కూన కాళ్లు ముడుచుకుని వేలాడుతుంది. శ్రీవైష్ణవులు మార్జాల కిశోర న్యాయం అని చెప్పేది దీన్నే. ఆ పట్టు తల్లికే తెలుసు. మనం మాత్రం పొట్ట కింద అరచెయ్యి పెట్టి ఎత్తాలి. చేతివేళ్లతో ఆడించడం వద్దు. ఈ రోజు ముద్దుగా అనిపించిన కొరుకుడు అయిదు నెలలకు రక్తం తెప్పిస్తుంది. ఈకో గుడ్డ పీలికో తాడుకు కట్టి ఆడించి, ఆట అవగానే దాచెయ్యాలి.

వీధిలోంచి వచ్చిన కూన గీరినా, కొరికినా తేలిగ్గా తీసుకోకూడదు. ధారగా పారే నీళ్లలో సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదేరోజు రేబిస్ టీకా గురించి ఆసుపత్రికి వెళ్లాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు. ఇంట్లో గర్భిణి ఉంటే లిట్టర్ ట్రే శుభ్రం చేసే పని మరొకరు తీసుకోవాలి.

ఎప్పుడు పంపాలి? ఎనిమిది వారాలు నిండి, బరువు 900 గ్రాములు దాటి, సొంతంగా తింటూ, ట్రే వాడుతూ, ఒక టీకా అయినా పడ్డాక పంపొచ్చన్నది సంస్థలు పాటించే కనీస నియమం. నా మాట అడిగితే, చోటూ ఓపికా ఉంటే 12 వారాల దాకా తోడబుట్టినవాటితో ఉండనివ్వండి. ఎంత గట్టిగా కొరికితే అవతలివాడికి నొప్పెడుతుందో కూన నేర్చుకునేది వాటి దగ్గరే. ఫిన్లాండ్‌లో హెల్సింకీ విశ్వవిద్యాలయం వాళ్లు 5,700కు పైగా పిల్లుల వివరాలు సేకరించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ఎనిమిది వారాల లోపే విడదీసినవాటిలో దూకుడు ఎక్కువగా కనిపించింది. ఒంటరిగా దొరికిన కూనకు అదే వయసున్న మరో కూనను తోడు తేగలిగితే ఇద్దరికీ మేలు. ఇచ్చేటప్పుడు కూడా వీలైనంతవరకు జంటగా ఇవ్వాలి.

తీసుకుంటామని వచ్చేవాళ్లతో మాట్లాడడం ఒక పెద్ద బాధ్యత. "మా బాబు పుట్టినరోజు మేడం, వాడికి చెప్పకుండా తీసుకెళ్లి ఆశ్చర్యపరుద్దామని" అని వస్తారు ఒకరు. "చాలా సంతోషమండీ. బాబును, ఇంట్లో పెద్దవాళ్లను కూడా ఒకసారి తీసుకురండి. వాళ్ల ఒళ్లో ఎలా ఉంటుందో చూసి మాట్లాడుకుందాం" అనాలి. ఇంట్లో అందరికీ ఇష్టమేనా, అద్దె ఇల్లయితే యజమాని ఒప్పుకున్నారా, బాల్కనీకి వల ఉందా, ఊరెళితే ఎవరు చూస్తారు, ఇంతకుముందు పెంచిన జంతువు ఏమైంది అని అడగాలి. వల లేని అయిదో అంతస్తుకు కూనను ఇవ్వకూడదు. పావురం కనబడితే దూకేస్తుంది. నచ్చనిచోట వద్దని చెప్పడానికి మొహమాటపడొద్దు. నల్ల కూనలకు ఇల్లు దొరకడం ఆలస్యమవుతుంది. పిల్లి ఎదురొస్తే అపశకునమనే మాట ఇంకా మన మధ్య ఉంది కదా. తొందరపడి ఎవరికో ఒకరికి ఇచ్చెయ్యకుండా దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకునే మనిషి వచ్చేదాకా ఆగడం మన వంతు.

ఆడో మగో ముందే సరిగ్గా చూసి చెప్పాలి. తోక ఎత్తితే ఆడకూనకు రెండు రంధ్రాలు దగ్గరగా, కిందిది నిలువు గీతలా ఉంటుంది. మగకూనకు రెండింటి మధ్య ఎడం ఎక్కువ, కిందిది చుక్కలా ఉంటుంది. మూడు రంగులది అయితే దాదాపు ఎప్పుడూ ఆడదే. నారింజ రంగువాటిలో ఎక్కువభాగం మగవి.

అప్పగించేటప్పుడు తింటున్న తిండి ఒక వారానికి సరిపడా, పడుకున్న గుడ్డ ఉతక్కుండా, టీకాల కార్డు ఇచ్చి పంపాలి. మొదటి మూడు నాలుగు రోజులు ఒకే గదిలో ఉంచమని, మంచం కింద దాక్కుంటే లాగొద్దని చెప్పాలి. మూడోరోజు ఫోన్ చేసి తింటోందా, ట్రే వాడుతోందా అని అడగాలి. కుదరకపోతే ఎప్పుడైనా సరే తిరిగి మనకే ఇవ్వమని, రోడ్డు మీద మాత్రం వదలొద్దని స్పష్టంగా చెప్పాలి. ఆకలిదప్పులతో అల్లాడేలా జంతువును వదిలెయ్యడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. ఇంకో మాట కాగితం మీద రాయించుకుని సంతకం తీసుకోవాలి. ఆడపిల్లి నాలుగో నెలలోనే ఎదకు రావచ్చు. ఆ తర్వాత దాదాపు తొమ్మిది వారాలకు ఈనుతుంది. కాబట్టి నాలుగు నెలలు నిండే తేదీని కార్డు మీదే రాసి ఇచ్చి, సంతానం కలగకుండా ఆపరేషన్ ఆ వారంలోనే చేయించమని చెప్పాలి. అదే తేదీ మన ఫోన్‌లో కూడా పెట్టుకుని, అంతకు పది రోజుల ముందు గుర్తు చెయ్యాలి.